చెప్పుకొన్న మాటను కాపాడుట: బస్తరు సీమలో గృహహింస, సహాయకుల బాధ్యత

“సంసారం గుట్టు, రోగం రట్టు” అని తెలుగువారి సామెత. ఇంటిలోని మాట బయటికి పొక్కరాదనియు, ఒంటిలోని జబ్బును మాత్రము దాచక నలుగురికి చెప్పవలెననియు దీని భావము. కాని భర్తచేతిలో దెబ్బలు తిన్న స్త్రీ విషయములో ఈ సామెత చిక్కులో పడును. దెబ్బ ఒంటిమీదిది, దాని కారణము ఇంటిలోనిది. గుట్టుగా ఉంచినచో గాయము మానకముందే మరియొక గాయము తగులును. రట్టు చేసినచో, ప్రొద్దుగ్రుంకిన పిమ్మట ఆమె తిరిగి పోవలసినది ఆ యింటికే.

ఈ రెంటికి నడుమ మూడవ దారి యొకటి కలదు. ఆ స్త్రీ నమ్మదగిన ఒక్క మనిషికి చెప్పుకొనవలెను; ఆ మనిషి ఆమె అనుమతి లేనిదే ఆ మాటను ఇంకొకరికి చేరనీయరాదు. ఈ దారి నిలుచుటయు, కూలుటయు మాట విన్నవారి నోటిమీద ఆధారపడి యున్నది.

2019–21 సంవత్సరములలో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 18 నుండి 49 ఏండ్ల వయస్సుగల వివాహిత స్త్రీలలో నూటికి 29 మంది భర్తవలన శారీరక హింసకో, లైంగిక హింసకో గురియైనట్లు తేలినది. హింసకు గురియైనవారిలో నూటికి 77 మంది సహాయము కోరలేదు, ఎవరికిని చెప్పుకొననూ లేదు. సహాయము కోరినవారు 14 మంది మాత్రమే. ఇంతమంది మౌనముగా ఉండుటకు కారణములు పెక్కు. “చెప్పిన మాట ఎక్కడికి పోవునో” అను భయము వానిలో ఒకటి. ఇతర కారణములను తొలగించుటకు కాలము పట్టును. ఈ ఒక్క భయమును మాత్రము సహాయకులు నేడే తొలగింపవచ్చును.

బస్తరు సీమ, అచటి కట్టుబాట్లు

1948 వరకు సంస్థానముగా ఉండిన బస్తరు నేడు ఛత్తీస్‌గఢ్ రాష్ట్రములో ఒక డివిజను. కాంకేర్, కొండగావ్, నారాయణపూర్, బస్తర్, దంతెవాడ, బీజాపూర్, సుక్మా అను 7 జిల్లాలు దానిలో ఉన్నవి. ముడియా, మాడియా, దోర్లా, హల్బా, భత్రా, ధుర్వా మొదలగు ఆదివాసులు అచట నివసించుచున్నారు. గోండీ, హల్బీ భాషలు ఎక్కువగా వినవచ్చును. దక్షిణపు అంచున కొంటా, భోపాలపట్నము ప్రాంతములు తెలుగు నేలను తాకుచున్నవి; అచటి దోర్లాల మాటలో తెలుగు పలుకులు కలసి యుండును. మిరపకాయల కోతకాలమున బస్తరు కూలీలు కుటుంబములతో గోదావరి తీరపు తెలుగు జిల్లాలకు వత్తురు. సరిహద్దు పల్లెలవారు వైద్యమునకు భద్రాచలము వచ్చుట వాడుక. కావున బస్తరు స్త్రీ తన బాధను జగదల్పూరులోనే కాక తెలుగునాటి ఆసుపత్రిలోనో, కూలీల గుడిసెల నడుమనో చెప్పుకొనవచ్చును.

ఆదివాసి స్త్రీకి కొన్ని విషయములలో మైదానపు స్త్రీకంటె స్వేచ్ఛ ఎక్కువ. ఆమె అడవిలో ఏరుకొన్న సరకును తానే సంతలో అమ్ముకొనును. భర్తతో పొసగనిచో విడిచిపోవుటకును, మరల పెండ్లియాడుటకును ఆచారము అడ్డురాదు. రెండవ భర్త మొదటి భర్తకు పరిహారము చెల్లించుట వాడుక. అయినను ఇంటిలో హింస లేదనరాదు. వెరియర్ ఎల్విన్ పండితుడు బస్తరు మాడియాల నడుమ జరిగిన 100 హత్య కేసులను పరిశీలించి 1943లో ఒక గ్రంథము ప్రకటించెను. ఆ హత్యలకు కారణములలో ఆలుమగల కలహములును ఉన్నవి. ఇది ఆదివాసులకు మాత్రమే చెందిన దోషము కాదు. పైని చెప్పిన సర్వే అంకెలు దేశమంతటివి.

తగవు పుట్టినపుడు ఊరి పెద్దలు కూడుదురు. ప్రాంతమునుబట్టి వారిని గాయితా, పేర్మా, పటేల్, మాంఝీ అని పిలుతురు. తగవును చెట్టు క్రింద అందరి ఎదుట విచారింతురు. ఇరుపక్షములవారు నోరు విప్పి చెప్పుదురు. తప్పు చేసినవానికి దండుగ వేయుదురు. ఈ పద్ధతిలో మంచి చాల ఉన్నది. ఖర్చు లేదు, ఆలస్యము లేదు, మాట సొంత భాషలో నడచును. పొలముగట్టు తగవునకు, పశువుల తగవునకు ఇంతకంటె మేలైన న్యాయస్థానము దొరకుట కష్టము.

ఆలుమగల విషయములో మాత్రము ఒక చిక్కు కలదు. గోండు సమాజమున గోత్రములు రెండు తెగలుగా ఉండును. అన్నదమ్ముల వరుస గోత్రములను దాదాభాయి అనియు, పిల్లనిచ్చి పుచ్చుకొను గోత్రములను అకోమామ అనియు అందురు. పెండ్లియైన స్త్రీ మగని ఊరికి పోవును. ఆ ఊరిలో తగవు తీర్చు పెద్దలలో పెక్కుమంది మగని అన్నదమ్ముల వరుసవారే. మేనరికము వాడుకలో ఉన్నందున అత్త ఆమెకు సొంత మేనత్తయే కావచ్చును. తన పుట్టింటి ఆడపడుచు కొడుకుమీద ఆమె ఎవరితో చెప్పుకొనవలెను? కూర్చున్న పెద్దలు చెడ్డవారు కానక్కరలేదు, వారు చుట్టములు. ఆమె మాట పంచాయతీకి చేరకముందే వంటయింటికి చేరును. అందుచేత బహిరంగ విచారణకు ముందు, ఎవరికిని చుట్టము కాని చెవి యొకటి ఆమెకు కావలెను.

ఒక ఉదాహరణము

ఇది ఒక వ్యక్తి కథ కాదు. ఇట్టి సందర్భములు ఎట్లు వచ్చునో చూపుటకు కల్పించిన ఉదాహరణము మాత్రమే.

ఇప్పపూల కాలములో ఒక స్త్రీ ముంజేయి వాచి ఆరోగ్య ఉపకేంద్రమునకు వచ్చినది. వెంట తోడికోడలు ఉన్నది. నర్సుకు గోండీ రాదు. తోడికోడలికి కొంత హల్బీ వచ్చును. “పూలు ఏరుచు గట్టుమీద పడినది” అని తోడికోడలే చెప్పెను. రోగి నేల చూచుచు ఊరకున్నది.

నర్సు చేతిని పరీక్షించెను. మనిషి చేయి ఊని పడినపుడు సాధారణముగా మణికట్టు దగ్గర ఎముక విరుగును. మీదికి వచ్చు కఱ్ఱకు చేయి అడ్డము పెట్టినపుడు మోచేతికిని మణికట్టునకును నడుమ, చిటికెనవ్రేలి వైపు ఎముక విరుగుట కలదు. వాపు ఇచట నడుమ భాగమున ఉన్నది. ఇది రుజువు కాదు. ఏకాంతముగా అడుగుటకు తగిన కారణము. నర్సు తన అనుమానమును తోడికోడలి ఎదుట పైకి అనలేదు. ఆమెను బయట చీటీ వ్రాయించుకొని రమ్మని పంపెను. గోండీ వచ్చిన వేరొక పాడా మితానిన్‌ను లోనికి పిలిచి, తలుపు దగ్గరకు వేసెను.

“ఇట్టి దెబ్బ ఒక్కొక్కప్పుడు ఎవరైన కొట్టినను తగులును. నీకు అట్లు జరిగినదా? చెప్పవలెనని లేకున్నను చికిత్సకు లోటు రాదు” అని అడిగించెను. ఆ స్త్రీ చాలసేపటికి నోరు తెరచి, జవాబు చెప్పుటకు మారుగా తానొక ప్రశ్న వేసినది: “ఈ మాట ఊరికి పోవునా?”

ఆ ప్రశ్నకు నిజమైన జవాబు ఏమి? “ఎవరికిని చెప్పను” అనుట సులభము. అది పూర్తిగా నిజము కానిచో, రేపు ఆ స్త్రీ మరల ఎవరిని నమ్మును? సరియైన జవాబు చెప్పుటకు సహాయకులెవరో, వారి మాటకు చట్టమున ఎంత కట్టుబాటు ఉన్నదో తెలిసియుండవలెను.

సహాయకులెవరు, ఎవరి గోప్యత ఎంత

మొదటివారు మితానిన్‌లు. ఛత్తీస్‌గఢ్ సీమలో స్నేహమును శాస్త్రోక్తముగా కట్టుకొను ఆచారము కలదు. అట్టి నేస్తమునకు మితానిన్ అని పేరు. 2002లో ఆ రాష్ట్రము ప్రతి పాడా నుండి ఒక స్త్రీని ఎన్నుకొని ఆరోగ్య సేవకు తీర్చిదిద్దుట ఆరంభించినపుడు ఈ పేరే పెట్టినది. నేడు వారు 60,000కు పైగా ఉన్నారు. దేశములో ఆశా కార్యకర్తల పథకము 2005లో వచ్చినది. ఇది దానికంటె ముందటిది. మితానిన్ ఊరి మనిషి, భాష తెలిసిన మనిషి. అదియే ఆమె బలము. ఆమె బలహీనతయు అదియే. ఆమెకును ఆ ఊరిలో చుట్టములున్నారు. అందుచేత పైని నర్సు వేరొక పాడా మితానిన్‌ను పిలిచినది.

రెండవవారు వైద్యులు, నర్సులు. 2002 నాటి వైద్యవృత్తి నియమావళి రోగి రహస్యమును బయటపెట్టరాదని వైద్యుని కట్టడి చేసినది. న్యాయస్థానపు ఆజ్ఞ, ఇతరులకు తీవ్ర ప్రమాదము, తెలియజేయవలసిన అంటువ్యాధి ఇందుకు మినహాయింపులు. కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2014లో లైంగిక హింసకు గురియైనవారి వైద్యమునకై ప్రకటించిన మార్గదర్శకములు ఏకాంతమును, గోప్యతను, తెలిసి ఇచ్చు అనుమతిని ముఖ్యమైన నియమములుగా నిలిపినవి.

మూడవవారు 2005 నాటి గృహహింస నుండి స్త్రీల రక్షణ చట్టము క్రింద ఏర్పడిన రక్షణాధికారులు, సేవాసంస్థలవారు. ఈ చట్టము 2006 అక్టోబరు 26 నుండి అమలులో ఉన్నది. 2015లో ఆరంభమైన సఖీ కేంద్రములును ఈ కోవకు చెందినవే. దేశములో మొదటి సఖీ కేంద్రము రాయపూరులో తెరువబడినది. వైద్యము, పోలీసు సహాయము, న్యాయసలహా, తాత్కాలిక వసతి ఒక్కచోట సమకూర్చుట వీని ఉద్దేశము.

నాలుగవవారు న్యాయవాదులు. స్త్రీలకును, షెడ్యూల్డు తెగలవారికిని ఉచిత న్యాయసహాయము 1987 నాటి న్యాయసేవాధికార చట్టము ఇచ్చిన హక్కు. ఆదాయమెంత యని అడుగవలసిన పని లేదు. గోప్యత విషయములో చట్టము అందరికంటె బలముగా కాపాడునది న్యాయవాదికి చెప్పిన మాటనే. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమము 132వ సెక్షను ప్రకారము, కక్షిదారు స్పష్టముగా ఒప్పుకొననిదే న్యాయవాది ఆమె చెప్పినదానిని వెల్లడింపరాదు. ఈ నియమము న్యాయవాది గుమాస్తాకును, దుబాసీకిని వర్తించును. అక్రమకార్యము సాగించుటకై చెప్పిన మాటకు మాత్రము ఈ రక్షణ లేదు.

మితానిన్‌కు గాని, నర్సుకు గాని, సలహాదారుకు గాని ఇట్టి చట్టరక్షణ లేదు. న్యాయస్థానము పిలిపించి అడిగినచో వారు జవాబు చెప్పవలెను. కావున వారు న్యాయస్థానము ఎదుట మౌనమును వాగ్దానము చేయలేరు; ఊరి ఎదుట మౌనమును చేయగలరు, చేయవలెను.

చట్టము స్త్రీ ఇష్టమునకు ఇచ్చిన చోటు

హిందూ వివాహ చట్టము షెడ్యూల్డు తెగలకు సాధారణముగా వర్తించదు. దీనినిబట్టి, ఆచారము ప్రకారము పెండ్లియైన ఆదివాసి స్త్రీకి ఏ చట్టమును రక్షణ ఈయదని కొందరు తలతురు. అది పొరపాటు. 2005 నాటి గృహహింస చట్టము కులము, మతము, తెగ అను భేదము లేక స్త్రీలందరిది. పెండ్లి కాగితము లేకున్నను, పెండ్లివంటి సంబంధముతో ఒక కప్పు క్రింద కాపురమున్న స్త్రీకిని అది వర్తించును.

ఈ చట్టము ప్రకారము గృహహింసను ఎరిగిన ఎవరైనను రక్షణాధికారికి తెలుపవచ్చును. సద్బుద్ధితో తెలిపినవారిమీద ఏ బాధ్యతయు ఉండదు. “తెలుపవచ్చును” అన్నదే గాని “తెలుపవలెను” అనలేదు. సేవాసంస్థవారు గృహహింస నివేదిక వ్రాయుట ఆ స్త్రీ కోరినపుడే అని చట్టము స్పష్టముగా చెప్పుచున్నది. ఆశ్రయగృహము నివేదిక లేదను కారణమున ఆమెను త్రోసిపుచ్చరాదు. ఆమె కోరినచో అచట ఆమె ఉన్న సంగతిని ఎదిరిపక్షమునకు తెలుపరాదు. మేజిస్ట్రేటు, పక్షములలో ఒకరు కోరినచో, విచారణను ఇతరులు లేకుండ జరుపవచ్చును. భార్యాభర్తల నడుమ మాటలు సాక్ష్యమునకు రావను నియమము కలదు గాని, వారిలో ఒకరిపై మరియొకరు నడపు వ్యవహారములో అది అడ్డురాదు. భర్త బెదిరించిన మాటను ఆమె నిర్భయముగా చెప్పుకొనవచ్చును. ఆమె తాత్కాలికముగా నివసించుచోటనే, కూలి చేయుచోటనే దరఖాస్తు ఇయ్యవచ్చును. బస్తరునుండి మిరపకోతకు వచ్చిన స్త్రీ అందుకై అడవిదారిని తిరిగి పోనక్కరలేదు.

దాచుటకు వీలుకాని మాటలు

గోప్యతకు హద్దులు ఉన్నవి. వానిని మాట వినుటకు ముందే చెప్పవలెను. విన్న పిమ్మట చెప్పుట మోసగించినట్లగును.

మొదటి హద్దు వయస్సు. 18 ఏండ్లు నిండనివారిపై లైంగిక నేరము జరిగినట్లు తెలిసినవారు పోలీసులకు తెలిపియే తీరవలెనని 2012 నాటి పోక్సో చట్టము శాసించినది. బాలికకు ఆచారము ప్రకారము పెండ్లియైనను ఈ విధి తొలగిపోదు.

రెండవది ఆసుపత్రి రికార్డు. ఎముక విరుగుట వంటి తీవ్రమైన గాయమును ఆసుపత్రులు మెడికో-లీగల్ కేసుగా నమోదు చేసి పోలీసులకు తెలుపుట వాడుక. గృహహింస చట్టము క్రింద వైద్యసహాయము కోరినచోట, అంతకుముందు నివేదిక లేకున్నచో, ఆసుపత్రి అధికారి దానిని పూరించి రక్షణాధికారికి పంపవలెనని 2006 నాటి నియమములు చెప్పుచున్నవి. వైద్యపరీక్ష నివేదిక ప్రతిని మాత్రము ఆమెకు ఉచితముగా ఇయ్యవలెను.

మూడవది ప్రాణాపాయము. చంపెదనని బెదిరింపు, గొంతు నులుముట, గొడ్డలి చూపుట వంటివి జరిగినపుడు ఆమెతో ఆలోచించి, ఎవరికి చెప్పిన ప్రాణము నిలుచునో వారికి చెప్పవలెను. అప్పుడైనను ఆమెకు తెలియకుండ చెప్పరాదు.

నాలుగవది పైని చెప్పిన న్యాయస్థానపు పిలుపు.

ఈ నాలుగు హద్దులకు లోబడి మిగిలినదంతయు ఆమెదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో ప్రకటించిన సూచనలలో, వయస్సు వచ్చిన స్త్రీ భర్తవలన హింసకు గురియైన సంగతిని వైద్యసిబ్బంది తప్పనిసరిగా పోలీసులకు తెలుపవలెనను నియమము మంచిది కాదని చెప్పబడినది. మాట దాటిపోవునను భయముతో స్త్రీలు వైద్యమునకే రాకుండుట కలదు. బస్తరులో ఈ భయమునకు మరియొక కారణము ఉన్నది. దశాబ్దములపాటు సాయుధ సంఘర్షణకు నెలవైన సీమలో పోలీసు ఠాణా మెట్లెక్కిన మనిషిని గూర్చి ఊరు పలు విధముల అనుకొనును.

పంచాయతీకి పోవునపుడు

1996 నాటి పెసా చట్టము షెడ్యూల్డు ప్రాంతములలో గ్రామసభకు తమ ఆచారములను, తగవులు తీర్చుకొను సంప్రదాయ పద్ధతిని కాపాడుకొను అధికారము ఇచ్చినది. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రము దీనికి 2022లో నియమములు చేసినది. కావున పెద్దల పంచాయతీని తిరస్కరించుట సహాయకుల పని కాదు. పెక్కుమంది స్త్రీలు అచటికే పోవ గోరుదురు. వారికి కావలసినది భర్తకు శిక్ష కాదు, దెబ్బలు ఆగుట. అయితే పంచాయతీలో జరిగిన రాజీ ఏదియు మేజిస్ట్రేటు వద్దకు పోవు ఆమె హక్కును తీసివేయజాలదు. “ఊరిలో తీరినది, ఇక బయటికి పోరాదు” అను కట్టడి చట్టము ఎదుట నిలువదు.

పంచాయతీకి పోవుటకు ముందు సహాయకురాలు ఆమెతో మూడు సంగతులు తేల్చుకొనవలెను. ఏ మాట చెప్పవలెను, ఏ మాట చెప్పరాదు? ఎవరు చెప్పవలెను, ఆమెయా, ఆమె అన్నదమ్ములా, మితానిన్‌యా? ఆ రాత్రి ఆమె ఎచట పండుకొనవలెను? ఈ మూడవ ప్రశ్నను మరచిన సహాయము సహాయము కాదు. దెబ్బల సంగతి చెప్పుటకు ఒప్పుకొన్న స్త్రీ పడకటింటి సంగతి చెప్పుటకు ఒప్పుకొనకపోవచ్చును. ఒక మాటకు ఇచ్చిన అనుమతి వేరొక మాటకు చెల్లదు.

మాట పొక్కుటవలన కలుగు కీడు ఒక్కొక్కప్పుడు ఊహకు అందదు. మగనిపై ఫిర్యాదు చేసిన స్త్రీపై ఆ యింటివారు ఎదురు నింద వేయుట కలదు. ఇంటిలో బిడ్డకు జబ్బు చేసినను, ఎద్దు చచ్చినను ఆమెను “టోనహీ” అనగా మంత్రగత్తె యనుటకు సాహసించువారున్నారు. ఇట్టి నింద వేసి పీడించుట నేరమని ఛత్తీస్‌గఢ్ రాష్ట్రము 2005లో ప్రత్యేక చట్టము చేసినది. నింద పుట్టిన పిమ్మట చట్టము శిక్షింపగలదు. అందుకు సాకు దొరకకుండ కాపాడునది సహాయకురాలి మౌనమే.

అమెరికాలోని ఆదిమ తెగల అనుభవము

సొంత ఆచారము, సొంత న్యాయస్థానములు గల తెగలలో ఈ సమస్య బస్తరుకు మాత్రమే పరిమితము కాదు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో పెక్కు ఆదిమ తెగలకు సొంత న్యాయస్థానములున్నవి. అచటి పల్లెలలోను బాధితురాలు, న్యాయాధిపతి, పోలీసు, సహాయకురాలు చుట్టములగుట సాధారణము. స్త్రీలపై హింసను అరికట్టుటకు అమెరికా 1994లో చేసిన చట్టమును 2005లో సవరించి, దాని నిధులతో నడచు సంస్థలు బాధితురాలి గుర్తులు తెలుపు సమాచారమును ఆమె అనుమతి లేనిదే వెల్లడింపరాదని నిర్ణయించినది. ఆ అనుమతి వ్రాతమూలముగా ఉండవలెను; దేనికి ఇచ్చుచున్నదో ఆమెకు తెలిసి యుండవలెను; దానికి గడువు ఉండవలెను. తెగల సంస్థలకును ఈ నియమము వర్తించును.

చదువురాని స్త్రీ చేత వ్రేలిముద్ర వేయించుకొనుట మాత్రమే అనుమతి కాదు. కాని ఆ మూడు గుర్తులు, అనగా తెలిసి ఇచ్చుట, ఒక పనికే ఇచ్చుట, గడువుతో ఇచ్చుట, బస్తరు సహాయకురాలు నోటిమాటగా నైనను పాటింపదగినవి. ఆమె నేడు ఒప్పుకొన్నదానిని రేపు కాదనుటకును హక్కు కలదు.

గోప్యత పాటించు విధము

మనస్సులో మంచి ఉండుట చాలదు, పద్ధతియు కావలెను.

స్థలము: ఇంటివద్ద అడుగరాదు. గోడలు తడికలు, పడుచులు, పిల్లలు వచ్చుచు పోవుచుందురు. వారపు సంతలో, తునికాకు కోతలో, టీకాలనాడు కేంద్రములో మాటలాడుట ఎవరికిని అనుమానము కలిగింపదు. మూడేండ్లు దాటిన పిల్లవాని ఎదుట కూడ అడుగరాదు. పిల్లవాడు విన్నది తండ్రికి చెప్పును.

దుబాసీ: భర్త, మరిది, తోడికోడలు, అత్త దుబాసీగా పనికిరారు. ఆసుపత్రులలో భాష వచ్చిన స్త్రీని ముందుగానే ఎన్నుకొని, విన్నది బయట చెప్పరాదని ఆమెతో ఒప్పించవలెను. భద్రాచలము ప్రాంతపు ఆసుపత్రులలో గోండీ, కోయ, దోర్లా మాట వచ్చినవారి పేర్లు సిద్ధముగా ఉంచుకొనుట మేలు.

వ్రాత: అందరు తిరుగవేయు రిజిస్టరులో “భర్త కొట్టినాడు” అని వ్రాయరాదు. గాయపు కొలతలు, చోటు, రంగు, తేది, ఆమె చెప్పిన మాట ప్రత్యేక కాగితమున వ్రాసి, తాళము వేసిన పెట్టెలో ఉంచవలెను. ఈ వ్రాత రేపు న్యాయస్థానమున ఆమెకు అక్కరకు వచ్చును. తన ప్రతిని ఇంటికి తీసికొనిపోవుట ప్రమాదమైనచో కేంద్రమునందే దాచి, ఎపుడైనను తీసికొనవచ్చునని చెప్పవలెను.

ఫోను: స్త్రీల సహాయమునకు 181, ఉచిత న్యాయసహాయమునకు 15100, అత్యవసరమునకు 112 అను నంబర్లు కలవు. ఇంటిలో ఒక్కటే ఫోను, అదియు భర్త చేతిలో ఉన్నచో సహాయకురాలు ఆ ఫోనుకు చేయరాదు, సందేశము పంపరాదు. నంబర్లను కాగితముమీద కాక నోటికి వచ్చునట్లు నేర్పవలెను.

కబుర్లు: పేరు చెప్పకున్నను, “ఫలానా పాడాలో చేయి విరిగిన స్త్రీ” అన్నచో చిన్న ఊరిలో పేరు చెప్పినట్లే. శిక్షణలో ఉదాహరణముగా చెప్పునపుడును, తోటి మితానిన్‌లతో బరువు దించుకొనునపుడును ఈ జాగ్రత్త అవసరము.

తిరిగి ఆ ప్రశ్నకు

చేయి విరిగిన ఆ స్త్రీ అడిగిన ప్రశ్నకు నర్సు మితానిన్‌చేత ఇట్లు చెప్పించెను: “ఊరికి పోదు. నీ యింటివారికి, పెద్దలకు మేము చెప్పము. ఎముక విరిగినది కనుక పెద్దాసుపత్రికి పోవలెను. అచట కాగితముమీద వ్రాయుదురు, పోలీసులకును, రక్షణాధికారికిని తెలుపుదురు. ఫిర్యాదు ఇచ్చుట, ఇయ్యకుండుట నీ యిష్టము. ఇది తెలిసిన పిమ్మట చెప్పదలచినది చెప్పుము, వద్దన్న ఊరకుండుము. కట్టు రెండు విధములను ఒక్కటే కట్టెదము.”

ఆ స్త్రీ ఆనాడు అంతయు చెప్పలేదు. కొట్టినారని మాత్రము చెప్పినది, ఎవరో చెప్పలేదు. తోడికోడలు చీటీతో లోనికి వచ్చునప్పటికి నర్సు కట్టు కట్టుచున్నది. మూడు వారములకు కట్టు చూపించుకొనుటకు ఆమె ఒంటరిగా వచ్చినది. మొదట ఆమె అడిగినది చేతి సంగతి కాదు. “మీరు చెప్పలేదు గదా” అన్నది. ఊరిలో ఏ గుసగుసయు లేదని ఆమె అప్పటికే కనుగొన్నది. మిగిలినది ఆనాడు చెప్పినది. మిరపకోతనుండి అన్న తిరిగి వచ్చువరకు పంచాయతీ వద్దనియు, అంతవరకు వైద్యపు కాగితమును కేంద్రములోనే ఉంచుమనియు కోరినది. ఏమి చేయవలెనో ఆమెయే నిర్ణయించుకొన్నది. ఆ వ్యవధిని ఆమెకు ఇచ్చినది ఇద్దరు స్త్రీలు మూడు వారములు పాటించిన మౌనము.

కట్టు ఎముకను కదలనీయక నిలిపి, అతుకుకొనుటకు వ్యవధి ఇచ్చును. గోప్యత చేయు పనియు అదియే. అది హింసను తనంతట తాను మాన్పదు. ఆమె తన బలము కూడదీసికొనువరకు మాటను కదలనీయదు. సంసారము గుట్టుగా ఉంచుమని ఆ స్త్రీకి బోధించుట మాని, ఆమె చెప్పుకొన్న మాటను గుట్టుగా ఉంచుట సహాయకులు నేర్చిననాడు, ఈ రోగము రట్టు కాకుండనే వైద్యమునకు వచ్చును.